అడిగి చేసే మేలే నిలుస్తుంది

ప్రభుత్వ సేవకు మూడు ఆధారాలు కావాలి. సేవ ఎవరి కోసమో వారికి విషయం ముందుగా వివరించి, వారి ఒప్పుదలతో పని మొదలుపెట్టడం మొదటిది. ఏ నిర్ణయం ఎవరు తీసుకున్నారో, ఎందుకు తీసుకున్నారో చెప్పి, తప్పు జరిగితే దిద్దే బాధ్యత నెత్తిన వేసుకోవడం రెండోది. ఈ రెండూ ఏళ్ల తరబడి జరుగుతూ ఉంటే బస్తీలో కుదురుకునే నమ్మకం మూడోది. మొదటి రెండూ ప్రభుత్వం చేతిలో ఉంటాయి, మూడోది జనం చేతిలో ఉంటుంది. నిధులు ఉత్తర్వుతో విడుదలవుతాయి కానీ నమ్మకం అలా రాదు. సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట్‌లోనూ, దాని చుట్టుపక్కలా, తెలుగు నేల మీద మరికొన్ని చోట్లా గత రెండు దశాబ్దాల్లో జరిగిన పనులను పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ సేవ ఎందుకు నిలిచిందో, ఏది ఎందుకు జనాన్ని దూరం చేసిందో తెలుస్తుంది.

బావి చెప్పే పాఠం

బన్సీలాల్‌పేట్ పాత పేరు నాగన్నకుంట. 1933 ప్రాంతంలో నాటి బ్రిటిష్ రెసిడెంట్ టి.హెచ్. కీస్ హయాంలో ఇక్కడ ఒక ఆదర్శ బస్తీ రూపుదిద్దుకుంది. అందుకు సేఠ్ బన్సీలాల్ విరాళమిచ్చారు, ఆ దాత పేరే పేటకు స్థిరపడింది. ఆ బస్తీ నడుమ 17వ శతాబ్ది నాటిదని చెప్పే మెట్ల బావి ఉంది. దాదాపు 53 అడుగుల లోతు, ఆరు అంతస్తుల మెట్లు, 22 లక్షల లీటర్ల నీరు పట్టే సామర్థ్యం దానివి. ఇళ్లకు కుళాయిలు వచ్చాక బావితో పని తగ్గింది. చూసేవారు లేని చోట చెత్త చేరింది. నాలుగు దశాబ్దాల పాటు ఆ బావి ఉందన్న ఆనవాలే పైకి కనబడలేదు.

2021లో పునరుద్ధరణ మొదలైంది. హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ, నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ, పురపాలక శాఖ, ‘ద రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్’ అనే సంస్థ కలిసి పనిచేశాయి. వేల టన్నుల చెత్త, మట్టి పైకి తీశారు. అడుగున పూడుకుపోయిన ఊటలు మళ్లీ తెరుచుకుని నీరు ఊరింది. 2022 మార్చిలో ప్రధాని ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ఈ పనిని ప్రజల భాగస్వామ్యానికి ఉదాహరణగా పేర్కొన్నారు. అదే ఏడాది డిసెంబరు 5న నాటి పురపాలక మంత్రి కె. తారకరామారావు బావిని ప్రారంభించారు.

చెత్త తీయడం ఇంజినీర్లు, కూలీలు చేయగల పని. మళ్లీ చెత్త పడకుండా చూడడం మాత్రం చుట్టూ ఉన్న ఇళ్లవారు మాత్రమే చేయగలరు. అధికారి వారానికోసారి వస్తాడు, గల్లీ రోజంతా అక్కడే ఉంటుంది. అందుకే పునరుద్ధరించిన ప్రతి కట్టడానికీ రెండో జీవితం ప్రారంభోత్సవం మర్నాడు మొదలవుతుంది. పర్యాటక స్థలంగా మారిన బావి బస్తీకి ఇంకా తమదిగానే తోచాలంటే కొన్ని ప్రశ్నలకు బస్తీవారితో కూర్చుని జవాబులు రాసుకోవాలి. వచ్చేవారి బండ్లు ఎక్కడ నిలపాలి? గేటు ఎన్ని గంటలకు తెరవాలి? ఊడ్చే పని, కాపలా పని ఎవరికి ఇవ్వాలి? బయట బండి పెట్టుకుని అమ్ముకునేవారి సంగతి ఏమిటి? నిర్వహణకు ఏడాదికి ఎంత వస్తోంది, ఎక్కడ ఖర్చవుతోంది? ఈ జవాబులు గోడ మీద అందరికీ కనబడేలా ఉన్న చోట కాపలా ఖర్చు తగ్గుతుంది, ఎందుకంటే కాపలా కాసే కళ్లు పెరుగుతాయి.

ఒకటే ఇల్లు, రెండు అనుభవాలు

బన్సీలాల్‌పేట్‌కు పక్కనే న్యూ బోయిగూడలో ఐడీహెచ్ కాలనీ ఉంది. తెలంగాణ ప్రభుత్వ డబుల్ బెడ్రూం ఇళ్ల పథకానికి నగరంలో తొలి నమూనా ఇదే. శిథిలావస్థలో ఉన్న పాత ఇళ్ల స్థానంలో, అదే స్థలంలో 396 ఇళ్లు కట్టి 2015 నవంబరులో అక్కడి కుటుంబాలకే అప్పగించారు. ఇలా కట్టాలంటే ముందుగా కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేయాలి. సామాను సర్దుకుని బయటికి నడిచిన కుటుంబం చేతిలో ఉన్నది ఒక్క మాట మాత్రమే: ఇదే జాగాకు తిరిగి వస్తారన్నది. ఆ మాట నిలిచింది. పని చేసే చోటు, పిల్లల బడి, దగ్గరలోని గాంధీ ఆసుపత్రి, ఇరుగుపొరుగు, ఏవీ వదులుకోనక్కర లేకపోయింది.

అదే పథకం కింద సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 15,660 ఇళ్లతో పెద్ద సముదాయం కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. గోడలు, గదులు, లిఫ్టులు చూస్తే అవి తక్కువైనవి కావు. అయితే నగరం నడిబొడ్డున ఇళ్లలో పని చేసుకునే మహిళకు, మోండా మార్కెట్‌లో హమాలీ పని చేసే మనిషికి కొల్లూరు ఇల్లు అంటే రోజూ గంటల ప్రయాణం. ఇంటి విలువ లెక్కలో ఆ ప్రయాణపు ఖర్చు ఎక్కడా కనబడదు. అది ఆ కుటుంబానికే తెలుసు. కనుక లెక్క వేయడానికి ముందు ఆ కుటుంబాన్ని అడగాలి.

2024 సెప్టెంబరు చివరలో నగరంలోని మూసీ నది ఒడ్డున జరిగింది ఈ తేడాను మరింత స్పష్టంగా చూపిస్తుంది. నదీగర్భంలో ఉన్నాయని గుర్తించిన ఇళ్ల గోడల మీద ‘ఆర్‌బీ-ఎక్స్’ అని ఎర్ర రంగుతో గుర్తులు పెట్టారు. చాదర్‌ఘాట్, మలక్‌పేట వైపు బస్తీల్లో జనం వీధుల్లోకి వచ్చారు. 1908 సెప్టెంబరులో మూసీ చేసిన విధ్వంసం తెలిసిన నగరంలో నది మధ్య ఇళ్లు ప్రమాదమన్న మాట కాదనలేనిది. ప్రభుత్వం వారికి ఇస్తానన్నది కూడా డబుల్ బెడ్రూం ఇల్లే. ఒకచోట ఆ ఇంటి కోసం జనం తమంత తాము ఖాళీ చేశారు, మరోచోట అదే ఇల్లు వద్దని ఏడ్చారు. బోయిగూడలో మాట ముందు వచ్చి కూల్చివేత తర్వాత వచ్చింది. మూసీ ఒడ్డున గుర్తు ముందు వచ్చి మాట తర్వాత వచ్చింది. ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి, పిల్లల చదువు సంవత్సరం మధ్యలో ఆగితే ఎలా, పట్టా ఉన్నవారికి ఏమిస్తారు, కిరాయికి ఉన్నవారి గతేమిటి అన్న ప్రశ్నలకు జవాబు లేకుండా గోడ మీద పడిన ఎర్ర రంగు ఏ కుటుంబాన్నయినా భయపెడుతుంది.

సంతకం వేరు, సమ్మతి వేరు

సమ్మతి అంటే కాగితం మీద సంతకమని అధికార యంత్రాంగంలో చాలామంది అనుకుంటారు. ఆ పొరపాటు ఎంత దూరం తీసుకుపోతుందో ఉమ్మడి ఖమ్మం జిల్లా చూసింది. 2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేసే కార్యక్రమం మొదలైంది. అమెరికాకు చెందిన ‘పాత్’ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, నాటి రాష్ట్ర ప్రభుత్వం అందులో భాగస్వాములు. ఆ బాలికల్లో చాలామంది గిరిజన సంక్షేమ వసతి గృహాల్లో చదువుకునే పిల్లలు. విమర్శలు, కొన్ని మరణాల వార్తలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం తేల్చలేదు. అయితే సమ్మతి పత్రాలను తిరగేసినప్పుడు 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి, 2,763 వార్డెన్లు సంతకం చేసినవి. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా ఆడపిల్లలకు మేలు చేసేదే. ఆ మేలును తల్లిదండ్రులకు వారి భాషలో, వారి గూడెంలో కూర్చుని చెప్పి ఉంటే ఒప్పుకునేవారెందరో ఉండేవారు. వార్డెన్ సంతకంతో పని సులువుగా జరిగిపోయింది, కానీ ఉపయోగపడే టీకా మీదనే ఏళ్ల తరబడి అనుమానం మిగిలింది. దగ్గరి దారి చివరికి దూరమైంది.

నిజమైన సమ్మతికి నాలుగు లక్షణాలు ఉండాలి. విషయం అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి. కాదనే హక్కు ఉండాలి, కాదన్నందుకు వేరే ఏ సౌకర్యమూ పోకూడదు. ఒకసారి ఒప్పుకున్నా తర్వాత మనసు మార్చుకునే దారి తెరిచి ఉంచాలి. మూడోది లేకపోతే మిగతా మూడూ అలంకారాలే. రేషన్ కార్డు కావాలంటే ఈ కాగితం మీద సంతకం చేయాలన్నప్పుడు ఆకలిగా ఉన్న ఇల్లు చేసే సంతకాన్ని సమ్మతి అనలేం.

కంప్యూటర్ చెప్పిన ‘కాదు’

2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. బస్సులు, రైళ్లు కిక్కిరిసిపోయేలా జనం సొంతూళ్లకు చేరుకుని వివరాలు చెప్పారు. వివరం చెబితే పథకం అందుతుందన్న ఆశ అందులో ఉంది. 2024 నవంబరులో ఇంటింటి సర్వే మొదలైనప్పుడు నగరంలో చాలా తలుపులు తెరుచుకోలేదు. 3.1 శాతం మంది లెక్కలోకి రాలేదని ప్రభుత్వమే ప్రకటించి, 2025 ఫిబ్రవరిలో మరోసారి అవకాశం ఇచ్చింది. కులం, ఆస్తి, అప్పు వంటి ప్రశ్నల మీద ఎవరి అభ్యంతరాలు వారికి ఉన్నా, చెప్పిన వివరం ఎక్కడికి పోతుందోనన్న సంశయం అందరిదీ.

ఆ సంశయం ఉత్తదని తోసిపుచ్చలేం. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు పథకాల కోసం అర్జీలు తీసుకున్న ప్రజాపాలన కార్యక్రమంలో కోటీ పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. రోజుల తేడాలో బాలానగర్ వంతెన మీద ఆ దరఖాస్తులు గాలికి ఎగురుతూ కనిపించాయి. ఆధార్ నంబరు, ఫోను నంబరు, ఇంటి అవసరం అన్నీ రాసి ఇచ్చిన కాగితాలవి. వరుసలో నిలబడి దరఖాస్తు ఇచ్చిన మనిషి ఆ దృశ్యాన్ని టీవీలో చూస్తే తన గోడు రోడ్డున పడిందనే అనుకుంటాడు.

అంతకన్నా లోతైన గాయం కంటికి కనబడని చోట జరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థను వాడుతోంది. వేర్వేరు శాఖల దగ్గరున్న పేర్లు, చిరునామాలు పోల్చి ఒకే మనిషికి చెందిన వివరాలను అది జతచేస్తుంది. కారు ఉందా, ఆస్తి ఉందా అని తేల్చి అనర్హులను ఏరివేయడం దాని పని. మన దగ్గర ఒకే పేరు వందల మందికి ఉంటుంది, ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనుక రాస్తారు, చిరునామా అంటే గుడి వెనక గల్లీ అని చెప్పే బస్తీలు బోలెడు. అలాంటి చోట పేరు పోలిక ఎంత తేలిగ్గా దారి తప్పుతుందో చెప్పనక్కర లేదు. హైదరాబాదులోనే ఒక రిక్షా కార్మికుడి కుటుంబాన్ని కారున్న మరొకరి పేరుతో జతచేసి రేషన్‌కు అనర్హులను చేసిన ఉదంతం వెలుగులోకి వచ్చింది. క్షేత్రస్థాయిలో విచారించకుండా దాదాపు 19 లక్షల కార్డులు రద్దు చేశారన్న వ్యాజ్యంలో, వాటిని ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇక్కడ తప్పు యంత్రానిది అని వదిలేయడం సరికాదు. యంత్రం అనుమానించవచ్చు, తీర్పు చెప్పకూడదు. అనుమానం వచ్చిన ఇంటికి మనిషి వెళ్లాలి, నోటీసు ఇవ్వాలి, వారు చెప్పేది వినాలి, ఆ తర్వాతే కార్డు సంగతి తేల్చాలి. అంతవరకు బియ్యం ఆగకూడదు. అర్హుల నోటి దగ్గరి కూడు తీసేసి, అర్హత నిరూపించుకునే భారం వారి మీదే వేయడం న్యాయాన్ని తలకిందులు చేయడమే.

జనం ఇచ్చిన వివరాల వాడకం విషయంలో చట్టం పూర్తి రక్ష ఇవ్వదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం రాయితీలు, ప్రయోజనాలు, ధ్రువపత్రాలు ఇచ్చే పనికి ప్రభుత్వం విడిగా సమ్మతి తీసుకోనవసరం లేకుండా ఏడో సెక్షన్‌లో వెసులుబాటు ఇచ్చింది. సమ్మతి సడలిన చోట జవాబుదారీ బిగియాలి. రెండూ సడలితే పేదవాడికి పట్టుకునే ఊత ఉండదు.

లెక్క చెప్పే చోటు

జవాబుదారీ ఎలా ఉండాలో ప్రపంచానికి చూపిన చరిత్ర తెలుగు నేలకు ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. రాజస్థాన్‌కు చెందిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనుభవం తోడుగా అదే ఏడాది నాటి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. 2009లో ఈ పనికి ప్రత్యేకంగా ఒక స్వతంత్ర సొసైటీ ఏర్పడింది. పథకం ఖర్చులో అర శాతాన్ని తనిఖీకే కేటాయించారు. కూలీల కుటుంబాల యువతకు శిక్షణ ఇచ్చి, సొంతూరు కాని ఊళ్లకు పంపారు. వారు మస్టర్ రోల్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, రాసిన పని దినాలు, అందిన కూలి సరిపోల్చారు. తేలినదంతా గ్రామసభలో చదివి, ఆపైన మండల కేంద్రంలో బహిరంగ విచారణ పెట్టి, అధికారుల చేత అందరి ముందూ జవాబు చెప్పించారు.

ఆ పద్ధతి బలం దాని అమరికలో ఉంది. ఖర్చు పెట్టే శాఖ వేరు, లెక్క అడిగే సంస్థ వేరు. సమాచారం అడగకముందే చేతికి వస్తుంది. విచారణ జనం నడుమ జరుగుతుంది. ఫలానా పైకం ఫలానా వారి నుంచి రాబట్టాలన్న తీర్మానం అక్కడికక్కడే రికార్డవుతుంది. రాబట్టడంలో జాప్యాలు జరిగాయి, శిక్షలు నీరుగారిన సందర్భాలూ ఉన్నాయి. అయినా కూలీ లేచి నిలబడి అధికారిని లెక్క అడగడం మామూలు విషయమైంది.

నగరానికి ఈ అలవాటు రాలేదు. ఆహార భద్రతా చట్టం 28వ సెక్షన్ రేషన్ దుకాణాలకు సామాజిక తనిఖీ ఉండాలని 2013లోనే చెప్పింది. బస్తీల్లో అది ప్రజలకు కనబడే కార్యక్రమంగా ఎదగలేదు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, ఒక నిర్ణయం వల్ల నష్టపోయే మనిషికి కారణాలు చెప్పడం ప్రతి కార్యాలయం విధి. దరఖాస్తు తిరస్కరణ అంటూ ఫోనుకు వచ్చే ఒక్క పంక్తి సందేశం ఆ విధిని నెరవేర్చదు.

గడువు పెట్టి పనిచేయించడం ప్రభుత్వానికి తెలియని విద్య కాదు. పరిశ్రమలకు అనుమతుల కోసం తెలంగాణ 2014లో టీఎస్-ఐపాస్ చట్టం తెచ్చింది. గడువు దాటితే బాధ్యుడైన అధికారికి రోజుకు వెయ్యి రూపాయల జరిమానా అందులో ఉంది. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం పెద్ద భవనాల అనుమతికి 21 రోజుల గడువు పెట్టి, దాటితే అనుమతి వచ్చినట్టే లెక్క అంది. పెట్టుబడి పెట్టేవారికీ, భవనాలు కట్టేవారికీ దక్కిన ఈ హామీ పింఛను కోసం తిరిగే వృద్ధురాలికి, రేషన్ కార్డు కోసం ఏళ్లుగా ఎదురుచూసే కుటుంబానికి ఎందుకు దక్కకూడదు? నిలబడగలిగినవారికి ఇచ్చిన గడువు, నిలబడలేనివారికి ఇంకా ముందు ఇవ్వాలి.

వార్డు స్థాయిలో చేయవలసినవి

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని అది చెప్పింది. 150 డివిజన్లు ఉన్నప్పటి జీహెచ్ఎంసీలో బన్సీలాల్‌పేట్ 147వ డివిజన్‌గా ఉండేది. 2011 జనగణనలో 67 లక్షల పైచిలుకు ఉన్న నగరాన్ని ఆ 150తో భాగిస్తే ఒక్కో కార్పొరేటర్‌కు దాదాపు 45 వేల మంది వస్తారు. పల్లెలో గ్రామసభ ఉన్నట్టు బస్తీకి సభ లేదు. 2023 జూన్ 16న నగరంలో వార్డు కార్యాలయాలు ప్రారంభించి, పారిశుధ్యం, ఇంజినీరింగ్, తాగునీరు, విద్యుత్ సిబ్బందిని ఒక కప్పు కిందికి తెచ్చారు. ఆలోచన మంచిది. అర్జీ పెట్టే కిటికీ దగ్గరికి వచ్చింది. అర్జీకి జవాబు అడిగే సభ ఇంకా రావాలి.

బన్సీలాల్‌పేట్ లాంటి వార్డులో కొత్త చట్టం అక్కర లేకుండానే మొదలుపెట్టగల పనులు ఉన్నాయి. ప్రతి అర్జీకి తేదీ, గడువు, బాధ్యుడైన అధికారి పేరు రాసిన రసీదు ఇవ్వాలి. తిరస్కరిస్తే కారణం తెలుగులో, ఉర్దూలో రాసి, పై అర్జీ ఎవరికి పెట్టుకోవాలో అదే కాగితం మీద చెప్పాలి. ఏ ఇల్లు కదల్చాలన్నా, ఏ స్థలం మార్చాలన్నా బస్తీలో సభ పెట్టి, అభ్యంతరాలు రాసుకుని, ఒక్కోదానికి జవాబు ప్రకటించాకే పని మొదలుపెట్టాలి. ఆ సభ పనికి పోయే ఆడవారికి వీలైన వేళలో, ఆదివారమో సాయంత్రమో జరగాలి. వివరాలు సేకరించే ఎన్యూమరేటర్ ఎందుకు అడుగుతున్నాడో, ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు దాస్తారో రాసిన చీటీ ఇంట్లో వదిలి రావాలి. ఏడాదికి రెండుసార్లు రేషన్ దుకాణం, అంగన్‌వాడీ, బస్తీ దవాఖానా, మురుగు కాల్వ పనుల మీద బహిరంగ తనిఖీ జరపాలి. తనిఖీ చేసేవారు పక్క వార్డు నుంచి రావాలి.

ఇందులో ఒక చిక్కు ఉంది. తనిఖీకి లబ్ధిదారుల జాబితా బయటపెట్టాలి, గోప్యతకు దాచాలి. డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని వ్యక్తిగత సమాచార నిబంధనను సవరించడంతో ఈ చిక్కు ముదిరింది. దీనికి మధ్యే మార్గం ఉపాధి హామీ సామాజిక తనిఖీల అనుభవంలోనే దొరుకుతుంది. పేరు, అందిన సొమ్ము, అందిన తేదీ జనం ముందు చదవవచ్చు. ఆధార్ సంఖ్య, ఫోను నంబరు, రోగం, కుటుంబ కలహం వంటివి ఎవరి కంటా పడనక్కర లేదు. గోప్యత పౌరుడికి రక్షణ కావాలి తప్ప కార్యాలయానికి తెర కాకూడదు.

హద్దులు

అడిగి చేస్తే ఆలస్యమవుతుందన్న అభ్యంతరం తరచూ వినబడుతుంది. వరద ముంచుకొచ్చిన రాత్రి, అంటువ్యాధి ప్రబలిన వారం, కూలబోయే పైకప్పు కింద కుటుంబం ఉన్న వేళ సభ పెట్టి చర్చించడం కుదరదు. అలాంటప్పుడు ముందు ప్రాణం కాపాడి, తర్వాత లెక్క చెప్పాలి. అత్యవసరం ముగిసిన రోజునే ఆ అధికారమూ ముగియాలి. సభకు వచ్చినవారి మాటే బస్తీ మాటగా చలామణి కావడం మరో ప్రమాదం. పేటలో పెద్దగొంతు ఉన్నవారు, కిరాయిదారుల తరఫున తామే మాట్లాడే యజమానులు, అందరి సంతకాలూ తానే సేకరించి తెచ్చే నాయకుడు ఎక్కడైనా ఉంటారు. కాబట్టి సభతో పాటు ఇంటింటికీ వెళ్లి అడగడం, ఒంటరి మహిళలను, వలస కార్మికులను, వికలాంగులను విడిగా అడగడం పద్ధతిలో భాగం కావాలి. అందరి ఒప్పుదల ఎప్పుడూ దొరకదు. దొరకనప్పుడు ప్రభుత్వం నిర్ణయం తీసుకోవచ్చు, కాని ఎవరి మాట ఎందుకు పక్కన పెట్టిందో రాతపూర్వకంగా చెప్పి, నష్టపోయినవారికి పరిహారం ముందుగా చెల్లించాలి.

ఆలస్యం లెక్క కూడా పూర్తిగా వేయాలి. సభలకు పట్టే నెలలు కంటికి కనబడతాయి. అడగకుండా మొదలై కోర్టు గడప ఎక్కిన పనులకు పట్టే ఏళ్లు, రద్దయిన కార్డులను మళ్లీ పరిశీలించే శ్రమ, ఆగిపోయిన టీకా కార్యక్రమం ఏ శాఖ ఖాతాలోనూ ఖర్చుగా చేరవు. వాటిని చేర్చి చూస్తే, ముందుగా అడగడమే తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో పూర్తయ్యే మార్గమని తేలుతుంది. కారణం చెప్పే రసీదు, గడువు దాటితే బాధ్యత, కాదన్నవారికి రక్షణ, బహిరంగ తనిఖీ అనే నాలుగు ఏర్పాట్లు ప్రతి పథకం ఉత్తర్వులోనే, నిధుల పద్దు పక్కనే, మొదటి రోజు నుంచీ ఉండాలి.